నూనె అంటకుండా మాలిష్ నేర్పడం ఎలా?

రామన్నపేటలో మాలిష్ శిక్షణ కేంద్రం పెట్టాలనుకునేవారు ముందుగా కొనాల్సింది బల్ల కాదు, నువ్వుల నూనె అసలే కాదు. గోడంత తెర, ప్రొజెక్టరు, ఒంటి లోపలి కండరాలను, నరాలను త్రీడీలో చూపే సాఫ్ట్‌వేర్ కొనండి. విజిబుల్ బాడీ అయినా సరే, కంప్లీట్ అనాటమీ అయినా సరే. ఏడాది చందా కట్టాక డబ్బు మిగిలితే బల్ల సంగతి చూడొచ్చు. ఎలాగూ మిగలదు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.

తెర వచ్చాక గదిలో నూనెకు చోటివ్వకండి. జిడ్డు చేతులతో ముట్టుకుంటే టచ్‌స్క్రీన్ మసకబారుతుంది. పైగా చేతికి నూనె అంటిన కుర్రాడు పక్కవాడి జబ్బ పట్టి చూడాలనుకుంటాడు. ఆ అలవాటు పడ్డాడంటే మళ్లీ మౌస్ పట్టడు. కిటికీలు మూసి, లైట్లార్పి, మాస్టారు బొమ్మను తిప్పుతూ ఉండాలి, పిల్లలు చూస్తూ ఉండాలి. బొమ్మ ఆగకూడదు. ఆగితే ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు.

మాస్టారిని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. కొందరుంటారు, తెర మీద ట్రెపీజియస్ కండరం చూపించి, అక్కడితో తెర ఆపేస్తారు. ఒక విద్యార్థిని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద స్కెచ్ పెన్నుతో ఆ కండరం అంచులు గీయిస్తారు. భుజం పైకి లేపమని, గీత కింద ఏది బిగుసుకుంటుందో వేళ్లతో వెతకమంటారు. మళ్లీ తెర దగ్గరికొచ్చి, పై పొర తీసేసి, కింద దాగిన లెవేటర్ స్కాపులేను చూపిస్తారు. మళ్లీ వీపు దగ్గరికి పరుగు. ఈ లెక్కన గంటకు రెండు కండరాలు దాటవు. ఒంట్లో ఆరు వందలకు పైగా ఉన్నాయాయె! అలాంటి మాస్టారిని ఫీజుల వసూలుకు పంపండి.

తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ నడుముకు అడ్డంగా గీత గీస్తే అది నాలుగో కటి వెన్నుపూస దగ్గర పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. తెర మీద ఎప్పుడూ అక్కడే పోతుంది. బతికున్న మనిషి మీద వేళ్లతో వెతికితే ఒక పూస అటో ఇటో అవుతుంది. తప్పు మనిషిదే.

తెర మీది ఆ మనిషిని మార్చకండి. నిటారుగా నిలబడి, పొట్ట లేకుండా, నొప్పి లేకుండా ఎంత ముచ్చటగా ఉంటాడు! ఈ డిజిటల్ దేహాలకు బాట వేసింది అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వారి విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్. 1993లో టెక్సస్‌లో మరణశిక్ష అమలైన జోసెఫ్ పాల్ జెర్నిగన్ దేహాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు చొప్పున 1,871 పొరలుగా ఫొటోలు తీసి, 1994లో లోకం ముందు పెట్టారు. అతనికి అపెండిక్స్ లేదు, ఎప్పుడో తీసేశారు. నమూనా దేహంలోనే ఒకటి తక్కువన్న సంగతి పిల్లల చెవిన వేయకండి. వేస్తే, “అయితే ఒక్కొక్కరి పెయ్యి ఒక్కో తీరుంటదా సార్?” అంటారు. అక్కడి నుంచి కథ పిరిఫార్మిస్ దాకా పోతుంది. పిరుదు లోతుల్లో ఉండే ఆ కండరం కింది నుంచి సయాటిక్ నరం బయటికి రావడం ఎక్కువమందిలో చూస్తాం. కొందరిలో నరంలోని ఒక పాయ కండరాన్ని చీల్చుకొని వస్తుంది. ఇది తెలిసినవాడు అక్కడ మోచెయ్యి దించేముందు ఆగి, “కాలికి జివ్వుమంటున్నదా?” అని అడుగుతాడు. అలా ప్రతి ఒక్కరినీ అడుగుతూ కూర్చుంటే బేరాలు ఎన్నవుతాయి?

వాడుకలో ఉన్న మాటలు మరిపించడం కూడా శిక్షణలో భాగమే. సిరిపురం నుంచి మగ్గం నేసే పెద్దాయన వచ్చి, “కుడి జబ్బ గుంజుతున్నది బిడ్డా, రాత్రంత నిద్ర లేదు” అన్నాడనుకోండి. “సుప్రాస్పినాటసా, ఇన్‌ఫ్రాస్పినాటసా తాతా?” అని అడగడం నేర్పండి. ఆయన తెల్లమొహం వేస్తే మీ చదువు గెలిచినట్టే. గుంత మగ్గం మీద ఆయన పొద్దంతా ఎలా కూర్చుంటాడో, నాడె తాడు ఏ చేత్తో లాగుతాడో అడగొద్దు. మోకు బిగించి తాటిచెట్టెక్కే గీత కార్మికుడు వస్తే, ఏ పాదం మీద బరువేసి ఎక్కుతాడో కూడా మనకెందుకు? సాఫ్ట్‌వేర్‌లో మగ్గమూ లేదు, తాటిచెట్టూ లేదు.

నీళ్ల ఊసైతే అసలే ఎత్తొద్దు. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి మెడ తిరగక ఒక అవ్వ వస్తుంది. మిషన్ భగీరథ నల్లా రాకముందు ఏళ్ల తరబడి ఏ బోరు నీళ్లు తాగిందని అడగాలనిపిస్తుంది. అడక్కండి. అడిగితే ఫ్లోరైడ్ బయటపడుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఎక్కువైన నీళ్లనే ఏళ్లకేళ్లు తాగితే ఎముక చిక్కబడుతుంది, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు సున్నం పేరుకొని బిరుసెక్కుతాయి, వెన్నెముక కొయ్యబారుతుంది. వెన్నుపాము సాగే కాలువే ఇరుకైపోవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును 1937లోనే నమోదు చేశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. మన పాత జిల్లా పేరు అలా దేశదేశాలు తిరిగినా సాఫ్ట్‌వేర్‌లోకి మాత్రం చేరలేదు. అందులో చర్మం పొర ఉంది, కొవ్వు పొర ఉంది, బోరు నీళ్ల పొర లేదు. అందులో మెడ ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. అవ్వ మెడ కూడా అంతే తిరగాలని మీ విద్యార్థి పట్టుబట్టాలి. ఆ తర్వాత ఆమె కాళ్లు చచ్చుబడితే నరాల డాక్టరున్నాడు, ఎక్స్‌రే ఉంది. ముందే ఎక్స్‌రే తీయించుకు రమ్మనడం పిరికివాళ్ల పని.

ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే రుద్దొద్దని, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చని, అది కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకోవచ్చని కొందరు భయపెడతారు. తెర మీది పిక్క వాయదు, వేడెక్కదు. పాఠంలో లేనిది పరీక్షలో రాదు.

పొరపొరా చూపడం కొత్త ముచ్చటని బ్రోచర్‌లో రాసుకోండి. సుశ్రుతుడు దేహాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు నానబెట్టి, వట్టివేళ్లు, వెదురు లాంటి వాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కో పొర చూడమన్నాడు. కళ్లతో చూసిందీ శాస్త్రంలో చదివిందీ కలిస్తేనే చదువన్నాడు. 107 మర్మస్థానాలు లెక్కగట్టి దెబ్బ తగలనివ్వొద్దన్నాడు. పాపం, ఆయనకు ల్యాప్‌టాప్ లేదు!

పిల్లల్ని ఊరు దాటనివ్వకండి. రామన్నపేట స్టేషన్లో రైలెక్కితే బీబీనగర్ ఎంతో దూరం లేదు. అక్కడి ఎయిమ్స్‌లో 2019లో మొదలైన ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లను పలకరిస్తే, తెర ఎంత పెద్దదైనా శవాన్ని కోసి చూడక తప్పదంటారు. హైదరాబాద్ బల్కంపేటలో 1970 నాటి గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. మర్దనను చికిత్సగా చేసే చోట ఒక పూట నిలబడ్డారంటే మీ ఫీజు వాపసు అడుగుతారు. అంతదూరం ఎందుకు, వాళ్ల ఇళ్లలోనే బాలింతలకూ పసిపిల్లలకూ నూనె రుద్దే అమ్మమ్మలున్నారు. క్లాసుకు రమ్మని పిలుస్తారేమో, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి.

పరీక్షంతా కంప్యూటర్ మీదే పెట్టండి. బొమ్మలో కండరం మీద క్లిక్ చేస్తే మార్కు, అంతే. టాపర్ల ఫొటోలతో బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టించండి. ప్రాక్టికల్ పెట్టక తప్పదంటే, ఒళ్లు అప్పగించడానికి బాగా నిద్రపోయేవాళ్లనే పిలవండి. మాస్టారి మామగారిని మాత్రం వద్దు. నొప్పి పుడితే ఆయన నోరు మూసుకొని పడుకునే రకం కాదు.