మూకండపల్లి అత్త క్షేమసమాచారానికి టీకాతాత్పర్యం

అవతారిక

మెదకు పక్క కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట వరకు ఇవ్వగలడు. రెండోది ఇస్తే కలం మూసుకోవాల్సిందే. మా అత్త అక్కరలేదనుకుని వదిలేసినవే ఈ సందేశంలో అసలు సరుకు.

కవయిత్రి నివాసం మూకండపల్లి. కృష్ణగిరి జిల్లా హోసూరు నగరపాలికలో కలిసిపోయిన ఊరు. ఒకవైపు బెంగుళూరు హైవే, ఇంకోవైపు సిప్‌కాట్ పారిశ్రామికవాడ. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, జూజువాడి దాటితే కన్నడం. తెలుగు ఇక్కడికి ఎవరో తెచ్చి పెట్టింది కాదు, మొరసునాటి మాట. 2024లో ఈ జిల్లా నుంచి గెలిచిన కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులోనే ప్రమాణం చేశారు. అత్త పుట్టిల్లు పలమనేరు కాబట్టి యాసలో పెద్ద తేడా రాలేదు.

సందేశం పుట్టిన కాలం మామిడికాయల కాలం, శనివారం రాత్రి, సీరియల్ అయిపోయి అన్నాలు పెట్టబోయే ముందు. ఛందస్సు వచనం. యతి ఊపిరి ఆగిన చోట. దీనిమీద మా కుటుంబంలో మూడు వ్యాఖ్యాన శాఖలు ఏర్పడ్డాయి: పెద్దనాన్న వాళ్ల బెంగుళూరు శాఖ, పెద్దనాన్న కొడుకు నడిపే న్యూజెర్సీ శాఖ, మా పలమనేరు శాఖ. మూడింటికీ ఎప్పుడూ పడదు.

మూలము

అందురూ బాగుండారా. మేమంతా బాగుండాము. నిన్న నీళ్లొచ్చె. మీ మామిడికి ఈ వారం నైట్. పాపకి పాట బాగా వస్తా ఉండాది. పోయిన ఆదివారం అంతా తిరపతికి పోయొస్తిమి. దర్శనం బాగాయె. ఇంకేం విశేషాల్లేవు.

టీక

అందురూ బాగుండారా: ఇది జవాబు కోరని ప్రశ్న. సంప్రదాయం తెలియని న్యూజెర్సీ శాఖవారు నడుంనొప్పి సంగతి వివరంగా రాసి, వారం పాటు అందరి కషాయాల చిట్కాలూ భరించారు.

నిన్న నీళ్లొచ్చె: కుళాయిలో నీళ్లు రావడం కూడా వార్తేనా అని శంక. హోసూరు ఎరగని వాళ్లకే ఈ శంక వస్తుంది. ఆ నీళ్లు హొగెనకల్ దగ్గరి కావేరి నీళ్లు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తాగునీటి కోసం జపాను అప్పు తీసుకుని కట్టిన పథకం, 2013లో మొదలైంది. హొగెనకల్ పల్లంలో ఉంది, హోసూరు మిట్టన ఉంది. నది తనంతట తాను పారి రాదు. మోటార్లు తోస్తే ఎక్కి రావాలి. అంత దూరం ఎక్కి వచ్చిన కావేరి మా అత్త వీధిలో ఏ వేళకు దిగుతుందో పంచాంగంలో ఉండదు. కాబట్టి 'వచ్చె' అన్న ఒక్క క్రియలో సంపు మూత తెరవడం, నీలం డ్రమ్ములు కడగడం, పక్కింటి తలుపు తట్టి లేపడం, చివరి బిందె నిండేలోపు ధార సన్నబడటం అన్నీ ఇమిడి ఉన్నాయి. పూర్వకవులైతే దీన్ని ఒక ఆశ్వాసం చేసి ఉందురు.

మీ మామిడికి ఈ వారం నైట్: అన్ని ప్రతుల్లోనూ పాఠం ఇదే. న్యూజెర్సీ శాఖ దీన్ని గట్టిగా సమర్థించింది. కృష్ణగిరి జిల్లా మామిడికి పెట్టింది పేరు. తోతాపురి కాయ అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల మీద పోతుంది. ఎండకు కాయ మెత్తబడుతుంది కనుక ఈ వారం రాత్రిపూట తోలుతున్నారు. 'మీ' అన్నది మన అందరికీ అందులో వాటా ఉందని చెప్పడానికే. అత్త ఎప్పుడో తోట కొని చెప్పలేదన్నమాట! బెంగుళూరు శాఖవారు ఇది చదివి, వాదంలోకి దిగకుండా, ఒక బుట్ట పంపమన్నారు. ఇంత చక్కటి అన్వయం తప్పుడు పాఠానికే కుదురుతుందేమో.

సిద్ధాంతం: అత్త టైపు చెయ్యదు. మైకు బొమ్మ నొక్కి ఫోనుకు చెప్తుంది. 'మీ మామకి' అన్నది పక్కన మిక్సీ తిరుగుతుండగా ఫోను చెవిలో పడి మామిడి అయింది. దీన్నే పెద్దలు లేఖకప్రమాదం అన్నారు. వెనకటి లేఖకులు కునికిపాట్లు పడుతూ తప్పులు రాశారు. ఈ ఫోను లేఖకుడికి అసలు నిద్రే లేదు, అయినా అవే తప్పులు.

ఇక నైట్ అంటే కంపెనీలో రాత్రి షిఫ్టు. ఈ ఊరి చుట్టుపక్కల నుంచే దేశానికి మోపెడ్లు, లారీలు, చేతిగడియారాలు వెళ్లాయి. అలాంటి ఊళ్లో మా మామకు పొద్దు ఎటు పొడుస్తుందో వారానికోసారి మారుతుంది. నైట్ వారంలో ఇంటికి శాసనాలు వేరు. పడగ్గది కిటికీకి పాత దుప్పటి కడతారు. గేటు గొళ్లెం ఎత్తి పట్టుకుని వెయ్యాలి. మామ పొద్దున వచ్చి సంగటి, ఊరిబిండి తిని పడుకుంటాడు కనుక మిక్సీ పని, కుక్కర్ విజిళ్లు అంతకు ముందే అయిపోవాలి, లేదా సాయంత్రానికి వాయిదా పడాలి. అందుకే శనివారం రాత్రి మిక్సీ తిరిగింది, అందుకే మామ మామిడి అయ్యాడు. అంటే పాఠం చెడటానికి కారణం కూడా పాఠంలోనే ఉంది. ఈ సంగతి న్యూజెర్సీ శాఖకు రాస్తే అటునుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాం.

పాపకి పాట బాగా వస్తా ఉండాది: పాప అంటే ప్లస్ టూ చదువుతున్న ఆమె కూతురు. ఆ ఇంట్లో చిన్నది పెళ్లయ్యేదాకా పాపే. ఏ పాట, ఎవరి దగ్గర అన్నది మూలం చెప్పదు. ఇక్కడ వ్యాఖ్యాతకు అవ్వ పంపిన వాయిస్ మెసేజీలు ఆధారం.

పాప నేర్చుకుంటున్నది త్యాగరాజ కీర్తన. నేర్పుతున్నది రెండు వీధుల అవతల ఉండే తమిళ టీచరమ్మ. కీర్తన తెలుగు, పాపకు ఇంట్లో మాట తెలుగు, పుస్తకంలో రాసుకున్నది మాత్రం తమిళ లిపిలో. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాట బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదిదాకా పాకింది. ఆ నీడలోనే పాప చదువంతా సాగింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది. రాసింది చూపిస్తే ముగ్గు చూసినట్టు చూస్తుంది.

తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ఆ చిక్కు తీర్చడానికి తమిళ లిపిలో కీర్తనలు రాసేవాళ్లు అక్షరం నెత్తిన చిన్న అంకెలు పెడతారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. పాప నోటుబుక్కు ఫోటో ఒకటి మా దగ్గర ఉంది. నీలం సిరాతో సాహిత్యం, ఎర్ర సిరాతో అంకెలు, ఒక చోట 4 మరిచిపోయి తర్వాత ఇరికించిన గుర్తు. అవ్వకు చదువు పెద్దక్షరాల రామాయణం వరకే కానీ చెవి గట్టిది. మొదట్లో 'భ పలకవే' అని మనవరాలిని కసిరేది. ఇప్పుడామె కూడా దారికొచ్చింది. వాయిస్ మెసేజీలో స్పష్టంగా వినిపిస్తుంది: "భక్తిలో నాలుగేదే? నాలుగు మింగేస్తివి!"

దీనిమీద బెంగుళూరు శాఖ నిట్టూర్చింది, మన భాషను మన పిల్ల పరాయి లిపిలో చదువుకోవాల్సి వచ్చెనే అని. ఆ నిట్టూర్పులో నిజం లేకపోలేదు. బడిలో రెండక్షరాలు నేర్పి ఉంటే ఎవరి సొమ్మూ పోయేది కాదు. కానీ త్యాగయ్యను ఇన్నాళ్లు కాపాడిన వాటిలో ఆ అంకెల నోటుబుక్కులూ ఉన్నాయి. ఆయన తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున తమిళుల మధ్య తెలుగులో పాడి, 1847లో పోయాడు. అక్కడ ఆయన సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. బెంగుళూరు శాఖవారికి ఈ సంగతి గుర్తు చేశాం. వాళ్ల ఇంట్లో పిల్లలు ఏ లిపిలోనూ కీర్తన పాడరన్నది మాత్రం మర్యాదకు రాయలేదు.

పోయిన ఆదివారం అంతా తిరపతికి పోయొస్తిమి: మేఘసందేశంలో యక్షుడు చెప్పాల్సిన కబురు కొంచెం, మేఘానికి చెప్పిన దారి సగం కావ్యం. మా అత్తది తిరగబడిన పద్ధతి. దారి మొత్తం మింగేసింది. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి.

హోసూరు నుంచి బాగలూరు, మాలూరు, కోలారు, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు, చంద్రగిరి. తమిళనాడులో పళ్లు తోముకుని, కర్ణాటకలో కాఫీ తాగి, ఆంధ్రలో టిఫిను తినే దారి. కారు బాడుగది. ముందు సీట్లో మామ, వెనక అత్త, పాప, కోడలు, అవ్వ. పాప వాళ్ల అన్న డిక్కీ వైపు చిన్న సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. ముళబాగిలు దాటాక తెరవాలని కట్టిన చిత్రాన్నం డబ్బా మాలూరులోనే తెరిచారు. ఇది ప్రతి యాత్రలోనూ జరుగుతుంది, ప్రతిసారీ ఎవరు తెరిచారో తేలదు.

అంతా: ఇందులో పాటల పెన్‌డ్రైవు కూడా కలిసింది. మామకు ప్రాణం ఇళయరాజా. మామ 'సలంగై ఒలి' తమిళంలో చూశాడు, అత్త 'సాగర సంగమం' తెలుగులో చూసింది. 1983 నాటి సినిమా ఒకటే, బాణీలు అవే, రెంటిలోనూ మగ గొంతు బాలసుబ్రహ్మణ్యానిదే. తెలుగులో మాటలు వేటూరివి, తమిళంలో వైరముత్తువి. కారులో తెలుగు పాట మోగితే మామ దానిమీద తమిళం పాడతాడు, తమిళం మోగితే అత్త తెలుగు పాడుతుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యానికి రెండు కథలు చెప్పాడు. వీళ్లు ఒకే బాణీకి రెండు భాషలు ఒకే క్షణంలో పాడి, పెళ్లయిననాటి నుంచీ ఒకరి మాట ఒకరు వినకుండానే పల్లవి దగ్గర కలుసుకుంటున్నారు. వ్యాఖ్యాతకు తెలిసినంతలో ఇంతకు మించిన ద్వ్యర్థికావ్యం హోసూరు తాలూకాలో లేదు.

ఇక్కడ చిన్న అంశం ఒకటి గుర్తుంచుకోవాలి. మొగిలి ఘాటులో కారు ఆపించారు. కోడలికి వాంతి వచ్చిందని పాప వాయిస్ మెసేజీ. చిత్రాన్నం పడలేదని అత్త వివరణ. అదే చిత్రాన్నం తిన్న మిగతా ఐదుగురూ నిక్షేపంగా ఉన్నారు.

దర్శనం బాగాయె: టికెట్టు మూడొందలది, పాప ఫోనులో పట్టింది. స్వామి ముందు నిలిచింది రెప్పపాటు. ఆ రెప్పపాటులో మా శాఖలన్నిటిలోని ఎవరెవరి పేర్లు అత్త చెప్పుకుందో మూలంలో లేదు. న్యూజెర్సీ నడుంనొప్పి తప్పక ఉండి ఉంటుంది. లడ్డూలు మూకండపల్లిలో తమిళం ఇంటికి, కన్నడం ఇంటికి, నీళ్లొచ్చినప్పుడు లేపిన ఇంటికి పోయాయి. మాకు రావాల్సినవి అవ్వ ఇనపపెట్టెలో ఉన్నాయట.

ఇంకేం విశేషాల్లేవు: ఇంత క్షేమం చెప్పినావిడ చివర ఈ మాట ఎందుకు అన్నట్టు? ఏమీ లేకపోతే లేదని చెప్పే అవసరమే లేదని బెంగుళూరు పెద్దమ్మ వాదం. కొత్తగా కోడలు వచ్చిన ఇంట్లో 'ఏమైనా విశేషమా' అని అడిగితే దేన్ని గురించి అడిగినట్టో అందరికీ తెలుసు. అత్తను ఎవరూ అడగలేదు. అడగకముందే లేదంది. నిషేధం ఉందంటే ప్రసక్తి ఉన్నట్టేనని మీమాంసకులు ఎప్పుడో తేల్చారు.

దానికి తోడు ఈ సందేశం కింద ఇంకొకటి వచ్చి, మేం చూసేలోపే మాయమైంది. తొలగించారన్న గుర్తు మాత్రం మిగిలింది. పెద్దమ్మ ఫోను తెరమీద ఒక్క క్షణం 'మూడో' అన్న మాట కనబడిందట. మామది మూడో షిఫ్టు కనుక దాని సంగతే అయి ఉంటుందని పెద్దనాన్న. మూడో నెల అని పెద్దమ్మ. పాఠం ఖండితం కనుక రెండు విధాలా అన్వయిస్తుంది. పెద్దమ్మ మాత్రం తన పక్షానికి ఉపపత్తులు చూపింది: కిటికీ సీటు జన్మలో ఎవరికీ ఇవ్వని అవ్వ ఆ ఆదివారం కోడలికి ఇచ్చింది. అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్న కోడలు బస్సులో కొండెక్కింది. మొగిలి ఘాటు సరేసరి. ఇది విని న్యూజెర్సీ శాఖవారు, అయితే మామిడి పాఠమే సరైనదేమో, మళ్లీ విచారించాలని అర్జీ పెట్టారు.

నెలలు నిండేదాకా పెద్దవాళ్లు నోరు విప్పరు, మనం అడగకూడదు. కనుక వ్యాఖ్య ఇక్కడికి ఆపి, పలమనేరు శాఖ తరఫున పచ్చి మామిడికాయల బుట్ట ఒకటి హోసూరు బస్సులో వేశాం. కృష్ణగిరి జిల్లాకు మామిడికాయలు పంపడమేమిటని అత్త అడగలేదు.