ఇంటింటికో సబ్‌స్టేషన్

వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు కంప్యూటర్లు కాలిపోతున్నాయని మొత్తుకున్న కామారెడ్డి, ఎల్లారెడ్డి జనానికి ఈ వారం దక్కిన జవాబు అందరూ విన్నదే. మంచి స్టెబిలైజర్ కొనుక్కోమన్నారు. అన్న సారు పేరెందుకు గానీ, ఆ ఒక్క ముక్కతో విద్యుత్ శాఖ మొత్తం ఇంటింటికీ బదిలీ అయిపోయింది. ఉత్తర్వులు చేతికి రావడమే తరువాయి. 2016 అక్టోబరు 11న జిల్లా అయిన కామారెడ్డికి కొత్త ఆఫీసులు పెట్టుకోవడం అలవాటే కదా.

ఎల్లారెడ్డి గృహస్థు ఇప్పటికే సగం పని నేర్చేసుకున్నాడు. నిల్వ విభాగం మెట్ల కింద ఉంది. ట్యూబులర్ బ్యాటరీ, దాని పక్కన ఇన్వర్టర్. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేది తాత కాబట్టి లైన్‌మన్ ఆయనే. వోల్టేజీ విభాగం గోడకు వేలాడుతూ రాత్రంతా టక్కుటక్కుమంటుంది. కరెంటు పోగానే ఏది బంద్ చేయాలో, ఏది నడవాలో వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది, అదే లోడ్ డిస్పాచ్ సెంటర్. ఎండాకాలం ఎర్తింగ్ గుంతలో బకెట్ నీళ్లు పోసే పోరడు అప్రెంటిస్. చార్జీల మీద బహిరంగ విచారణ హాల్లోనే పెట్టుకోవచ్చు, అభ్యంతరాలు చెప్పడానికి అత్తగారు ఎప్పుడూ సిద్ధమే. కేంద్రం కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాటరీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించి ఈ శాఖకు ముందే కట్నం చదివించింది.

ఇక కావలసింది జీపు, ఏఈ అన్న బోర్డు.

ఇంత శాఖ పెట్టినా కంప్యూటర్ బతుకుతుందా? లాప్‌టాప్ చార్జర్ తిప్పి చూస్తే 100–240 అని అచ్చేసి ఉంటుంది. మామూలు లో వోల్టేజీని అది తనే సర్దుకుంటుంది. కంప్యూటర్ ప్రాణం తీసేవి వేరే. ఒకటి, పని నడుమ కరెంటు పోతే డెస్క్‌టాప్‌లో రాస్తున్న ఫైలు చెడుతుంది. దానికి యూపీఎస్ కావాలి, కొన్ని మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారాలి. సారు చెప్పిన స్టెబిలైజర్‌లో బ్యాటరీయే ఉండదు, పంటినొప్పికి కంటిచుక్కల మందు అన్నమాట. రెండోది న్యూట్రల్. స్తంభం మీద ఆ ఒక్క తీగ తెగిందా, 230 రావలసిన ఇంట్లోకి 400 దాకా దూసుకొస్తుంది. అప్పుడు ముందు పొగ లేచేది కొత్తగా కొన్న స్టెబిలైజర్‌లోంచే.

వోల్టేజీ ఎందుకు పడుతుందో ఇక్కడి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. యాసంగి వరికి బోర్లు నడిచే రోజుల్లో, పోయిన కరెంటు తిరిగి రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, అదే లైను మీదున్న ఇళ్లలో బల్బులు మినుకుమంటాయి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని సర్కారే చెప్పింది. ఆ తనిఖీ కూడా ఇక తాత ఖాతాలోకే.

సరే, వేళాకోళం చాలు. వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ పోరాదని నిబంధన ఉంది. అంటే 216కు తగ్గొద్దు, 244 దాటొద్దు. దాన్ని నిలబెట్టడం కరెంటు అమ్మేవాళ్ల పని, జనం బిల్లు కట్టేది అందుకే. ఇది ఇళ్ల గొడవే కాదు. 2020లో భూముల పోర్టల్ ధరణి వచ్చిన నాటినుంచి, ఇప్పుడు భూభారతిలోనూ, తహసీల్దార్ ఆఫీసు కంప్యూటర్ నడిస్తేనే రైతు భూమికి కాగితం. అది ఆగితే బస్సెక్కి వచ్చినవాడి కూలి ఎవరిస్తారు?

‘మీరే చూసుకోండి’ అన్న మాట చాలా దూరం పోయింది. ఫ్యూజు పోయి, లైన్‌మన్ రాక, తామే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్లి ప్రాణం పోగొట్టుకున్న రైతుల వార్తలు తెలంగాణ జిల్లా పేజీల్లో జనం చదువుతూనే ఉన్నారు. వాళ్లకేం కొనుక్కోమని చెప్తారు? ముందు ఎల్లారెడ్డిలో చివరి స్తంభం దగ్గర రాత్రి ఏడింటికి వోల్టేజీ ఎంతుందో వారం రోజులు కొలిచి, ఆ కాగితం సబ్‌స్టేషన్ గోడకు అంటించండి. కింద సారు సంతకం కూడా ఉండాలి.