వాడక్కడికి ఎందుకెళ్ళాడట?

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా పార్కుకి నాలుగు బెంచీలు. మూడింటి మీద మనుషులు కూర్చుంటారు. నాలుగోదాని మీద అమెరికా కూర్చుంటుంది. గ్రీన్‌కార్డు క్యూ ఏ సంవత్సరం దగ్గర ఆగింది, కోడలి పురిటికి ఈసారి వియ్యపురాలు వెళ్తుందా మనావిడ వెళ్ళాలా, డాలస్‌లో గోంగూర కట్ట ఎంత పలుకుతోంది, అన్నీ పొద్దున్న ఆరున్నరకి అక్కడే తేలతాయి. మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో ఉంది కనుక ఆ బెంచీ చివర నాకూ కాస్త చోటు దొరికింది.

అమెరికాలో కాల్పులు జరిగి మన పిల్లాడెవడో పోయాడని వార్త వచ్చిన రోజున ఆ బెంచీ మీద పుట్టే మొదటి ప్రశ్న ఒకటుంది. కాల్చిందెవడు అని కాదు. ఎందుకు కాల్చాడు అని కూడా కాదు. మా అపార్ట్‌మెంటులో మూడొందల రెండాయన పేపరు మడిచి తొడ మీద పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంటాడు: "అసలు వాడక్కడికి ఎందుకెళ్ళాడట?"

2017 ఫిబ్రవరి 22, బుధవారం. కాన్సస్ రాష్ట్రం ఓలేతలో ఆస్టిన్స్ అనే బార్. కూచిభొట్ల శ్రీనివాస్, అలోక్ మాదసాని అనే ఇద్దరు మన ఇంజనీర్లు గార్మిన్ కంపెనీలో పని ముగించుకుని, ఎప్పటిలాగే అక్కడ ఆరుబయట కూర్చున్నారు. ఆ బార్‌లో వాళ్ళకి 'జేమ్సన్ కుర్రాళ్ళు' అని ముద్దుపేరు కూడా ఉండేది, వాళ్ళు తాగే విస్కీని బట్టి. లోపల టీవీలో బాస్కెట్‌బాల్ ఆట నడుస్తోంది. ఆడం ప్యూరింటన్ అనే యాభై ఒక్క ఏళ్ళ మనిషి వాళ్ళ దగ్గరికి వచ్చి, మీది ఏ వీసా, దొంగతనంగా ఉంటున్నారా అని మొదలుపెట్టాడు. బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చాడు. మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. పోయిన శ్రీనివాస్‌కి అప్పుడు ముప్ఫై రెండేళ్ళు. కాల్చినవాడు పక్క రాష్ట్రం దాకా కారులో పారిపోయి, అక్కడ ఇంకో బార్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానీలను చంపానని చెప్పుకున్నాడు. చంపినవాడికి తాను చంపింది ఎవర్నో కూడా తెలీదన్నమాట.

మా బెంచీకి మాత్రం వెంటనే తెలిసిపోయింది. "బార్‌కి ఎందుకెళ్ళాడట?"

తర్వాత నాలుగు రోజులకో ఐదు రోజులకో అసలు సిసలు సలహా సముద్రాలు దాటి వచ్చింది. అక్కడి మన తెలుగు సంఘం ఒకటి జాగ్రత్తల జాబితా విడుదల చేసింది. ఎవరైనా గొడవకు దిగితే వాదించకుండా పక్కకు తప్పుకోండి. ఒంటరిగా నిర్జన ప్రదేశాల్లో ఉండకండి. ఈ రెండూ మా అమ్మమ్మ అమెరికా పేరు వినకముందే మాకు చెప్పింది. కొత్తది మూడోది: నలుగురిలో మాతృభాషలో మాట్లాడితే అపార్థం చేసుకోవచ్చు, వీలైతే ఇంగ్లీషులో మాట్లాడుకోండి.

ఒకసారి ఆగి ఈ ముక్కని కళ్ళకద్దుకోవాలి. అమెరికాలో తెలుగు సంఘాలు మహాసభలు పెట్టేదే తెలుగును బతికించడానికి. మూడు రోజుల పండగ, పంచెకట్టు పోటీ, ఇక్కడి నుంచి విమానం ఎక్కించి తీసుకెళ్ళిన అవధాని, భాష పోతే జాతి పోతుందని ఒక ముఖ్య అతిథి గద్గద కంఠం. పిల్లలకి వారాంతాల్లో అ ఆ ఇ ఈ. ఇంతా చేసి, పిల్లవాడికి 'అమ్మా, ఆకలేస్తోంది' అనడం వచ్చాక, 'ష్, బయట అనకు నాన్నా' అని నేర్పాలట. పైగా 2010కీ 2017కీ మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష మనదే. ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారు ఆ ఏడేళ్ళలో 86 శాతం పెరిగారు. ఆ 86 శాతమూ ఇకమీదట గొంతు తగ్గించుకోవాలన్నమాట.

ఇంగ్లీషులో మాట్లాడితే తూటా గురి తప్పుతుందన్నది ఆయుధ శాస్త్రానికి మనవాళ్ళు చేసిన కొత్త చేర్పు. ఓలేతలో ఆ మనిషి అడిగింది ఇంగ్లీషులోనే. అతని చెవికి తెలుగైనా పారసీ అయినా ఒకటే. అతను చూసింది ఒంటి రంగు. దాన్ని ఏ భాషలోకి మార్చుకుంటారో ఆ జాబితాలో రాయలేదు.

ఇందులో నేను పెద్ద పత్తిత్తునేం కాదు. ఆ వార్త చూసిన రాత్రే అమ్మాయికి ఫోన్ చేశాను. మొదట అడిగింది, "మీ ఇంటి దగ్గర కాదుగా?" అని. దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరమంది. అయినా వదల్లేదు. జాబితా వచ్చాక మళ్ళీ చేసి, "బయట తెలుగులో మాట్లాడకమ్మా" అన్నాను. అది ఓ క్షణం ఊరుకుని, "నాన్నా, నేనిప్పుడు సూపర్‌మార్కెట్‌లో బిల్లు క్యూలో ఉన్నాను. తెలుగులో మాట్లాడిస్తున్నది నువ్వే" అంది.

బెంచీ మాటకి వద్దాం. 2018 సెప్టెంబరు 6. ఒహాయోలోని సిన్సినాటి. పొద్దున్న తొమ్మిది దాటింది. ఫిఫ్త్ థర్డ్ బ్యాంకు భవనం లాబీలో ఒకడు కాల్పులు జరిపితే ముగ్గురు పోయారు. అందులో ఒకరు తెనాలి కుర్రాడు. ఆ రోజు బెంచీ కాస్త ఇబ్బంది పడింది. ఆఫీసుకి ఎందుకెళ్ళాడని అడగలేరు, ఆ ఆఫీసుల కోసమే కదా పిల్లల్ని ఎల్‌కేజీ నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో వేసింది. మూడొందల రెండాయనే దారి చూపించాడు. "లాబీలో నించోవడం దేనికండీ, వెంటనే లిఫ్ట్ ఎక్కెయ్యక?"

2023 మే 6, శనివారం. డాలస్ పక్కన అలెన్‌లో అవుట్‌లెట్ మాల్. ఎనిమిది మందిని కాల్చి చంపాడు. మన ఊరి నుంచి వెళ్ళిన ఓ యువ ఇంజనీరు వాళ్ళలో ఉంది. "సేల్ అంటే చాలు ఎగబడతారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోకూడదూ?"

బార్ వద్దు, లాబీ వద్దు, మాల్ వద్దు. సరే, ఇంట్లోనే కూర్చుందాం అనుకుంటే, 2007 డిసెంబరులో బాటన్ రూజ్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లోనే మన పీహెచ్‌డీ విద్యార్థులిద్దర్ని కాల్చి చంపారు. చదువుకునే పిల్లలు, రాత్రి పూట, వాళ్ళ ఇంట్లోనే. ఈ సంగతి నేను గుర్తు చేస్తే బెంచీ పది సెకన్లు మాట్లాడలేదు. చెట్టు మీద కాకి కూడా ఊరుకుంది. అప్పుడు చివర కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు నెమ్మదిగా, "మరి... తలుపెందుకు తీశాడట?" అన్నారు.

ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే అని మనకో సామెత. దానికి మా బెంచీ చేసిన సవరణ ఒక్కటే: సలహా కూడా ఆకుకే. ముల్లు ఊసు ఎత్తకూడదు. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2017 లెక్క ప్రకారం అమెరికాలో జనం చేతుల్లో ఉన్న తుపాకులు 39 కోట్లకు పైన. నూరు మంది మనుషులకు నూట ఇరవై. మనుషుల కంటే తుపాకులు ఎక్కువున్న దేశంలో పిల్లాడు ఎక్కడికెళ్ళాడన్నది ప్రశ్నా? కానీ ఆ ఊసెత్తితే మన సంబంధం చెడుతుంది. పెళ్ళివారింట్లో పెళ్ళికొడుకు తాగుబోతని తెలిసినా విడిదిలో ఎవరూ అనరు చూడండి, అదే మర్యాద.

అమెరికా దాకా ఎందుకు? 2022 జూన్ 17న అగ్నిపథ్ గొడవలో మా సికింద్రాబాద్ స్టేషన్‌లోనే పోలీసు తూటాకి వరంగల్ జిల్లా కుర్రాడు ఒకడు పోయాడు. సైన్యంలో చేరాలని తిరిగినవాడు. రైలు బోగీలు తగలబడ్డాయి, నిజమే. ఎవరు తగలబెట్టారో తేల్చడానికి కోర్టులున్నాయి. మా బెంచీకి కోర్టుతో పనిలేదు. "వాడు స్టేషన్‌కి ఎందుకెళ్ళాడట?" అదే రాగం, అదే తాళం. టికెట్టు ధర మాత్రం తక్కువ.

ఇక భయం సంగతి. మైల పదకొండు రోజులంటారు. అమెరికా భయం మా బెంచీ మీద అంతకాలం కూడా నిలవదు. "ఈ అమెరికా మనకొద్దండీ, కలో గంజో ఇక్కడే తాగుదాం" అన్న మూడొందల రెండాయనే పదకొండో రోజుకి చిలుకూరు బాలాజీ గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు పూర్తి చేసుకుని వచ్చాడు. రెండోవాడి వీసా కోసం. వస్తే నూట ఎనిమిది. అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డు మీద ఫైళ్ళు గుండెలకి హత్తుకున్న తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉన్నాం. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడ కొత్త భవనంలోకి మారింది. అలెన్ కాల్పులు ఆ తర్వాత ఏడు వారాలకి. జనం తగ్గారా? 2022-23లో అమెరికాలో మన దేశం విద్యార్థులు 2,68,923. మరుసటి ఏడాది 3,31,602. వెళ్ళడాన్ని తప్పు పట్టడం లేదు, నా కూతురూ వెళ్ళింది. వెళ్తూ, పంపుతూ, పోయినవాణ్ణి మాత్రం ఎందుకెళ్ళావని నిలదీయడమే వింత.

అక్కడ ఖర్చు కాని భయం ఇక్కడ ఖర్చవుతుంది. అలెన్‌లో కాల్పులు జరిగితే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. మా ఇంట్లో దొంగలు పడనే లేదు, పడింది సముద్రాల అవతల. అయినా మొరిగాం. నాలుగు కెమెరాలు కొన్నాం. ఒకటి జామచెట్టుని కాపలా కాస్తోంది. గేటు దగ్గర రిజిస్టరు పెట్టాం, దారంతో కట్టిన బాల్‌పెన్నుతో సహా. వారం తర్వాత తిరగేసి చూశాను. పేరు: చిరంజీవి. వచ్చిన పని: పార్సిల్. తర్వాతి వరస, వేరే దస్తూరీ: ప్రభాస్. పని: పార్సిల్. ఆ కింద ఒక సంతకం, ఫోన్ నంబరుకి ఎనిమిది అంకెలే. "ఏందిది?" అని వాచ్‌మన్‌ని అడిగితే, "రాయమన్నరు సార్, రాయిపిస్తున్న. సదవమని ఎవరు చెప్పలే" అన్నాడు.

అదే సమావేశంలో ఇంకో తీర్మానం కూడా నెగ్గింది. భద్రత దృష్ట్యా బ్యాచిలర్లకి ఇళ్ళు ఇవ్వరాదు. చర్చ కొనసాగుతుండగా ఎవరో ఆఫ్రికా విద్యార్థులు అన్నారు, ఇంకెవరో ఈశాన్యం పిల్లలు, వంట వాసన అన్నారు. అన్నీ మినిట్స్‌లోకి ఎక్కలేదు గానీ అందరి తలలూ ఊగాయి. టు-లెట్ బోర్డు చూసి వచ్చినవాణ్ణి మనం అడిగేవేమిటి? ఏ ఊరు? ఏమిట్లు? మాంసం తింటారా? పెళ్ళయిందా? ఎన్నాళ్ళుంటారు? ఓలేతలో ఆ మనిషి అడిగినవి రెండే ప్రశ్నలు. మన దగ్గర తుపాకీ లేదు, అది నిజం. టు-లెట్ బోర్డుంది.

ఇదంతా జరుగుతున్నది సికింద్రాబాద్‌లో. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని, కంపెనీ దండు కోసం లేచిన ఊరు. దండు వెంట తమిళులు వచ్చారు, పార్సీలు వచ్చారు, మార్వాడీలు వచ్చారు, ఆంగ్లో ఇండియన్లు మిగిలిపోయారు. మోండా మార్కెట్‌లో నేను కూరగాయలు కొనే ఆవిడ నాతో తెలుగులో, నా వెనకామెతో తమిళంలో, ఆ పక్కాయనతో హిందీలో బేరమాడుతుంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు. మాతృభాష బయట మాట్లాడితే ప్రమాదమన్న సలహా ఆవిడకి వినిపిస్తే టమాటా ధర పెంచేస్తుంది. వచ్చినవాళ్ళతోనే కట్టిన ఊళ్ళో, ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు అని రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాం.

ఆ రాత్రి ఆస్టిన్స్‌లో ఇంకొకడు కూడా ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళ తెల్లవాడు, ఆట చూడ్డానికి వచ్చాడు. కాల్పులు మొదలవగానే టేబుల్ కిందికి దూరి తూటాలు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, ఇక ఖాళీ అయివుంటుందనుకుని కాల్చినవాడి వెంటపడ్డాడు. లెక్క తప్పింది. తూటా అరచేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయింది. బతికాడు. వీళ్ళు ఏ దేశం వాళ్ళని అతను అడగలేదు, ఇక్కడికెందుకు వచ్చారనీ అడగలేదు. తర్వాత హ్యూస్టన్‌లో భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి ఇల్లు కొనుక్కోమని ఇచ్చారు. మనవాళ్ళు చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

అతని పేరు ఇయాన్ గ్రిలాట్. మా బెంచీ మీద ఎవరికీ గుర్తులేదు. ఈ వ్యాసం రాయడానికి నేనూ వెతుక్కోవాల్సి వచ్చింది.