ఒక ఇత్తడి తూటా గుల్ల కథ

ఈ కథలోని వస్తువు, .303 బ్రిటిష్ రకం తూటాలో గుండును, తుపాకీ మందును, ఆ మందుకు నిప్పంటించే ప్రైమర్‌ను ఒక్కచోట పట్టి ఉంచే ఇత్తడి గుల్ల. 1888లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన ఈ తూటా తరువాతి కాలంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల వెంట కెనడా వేటగాళ్ల ఇళ్లకూ చేరింది. పేలిన గుల్లను పారవేయకుండా, దానికి కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి తిరిగి వాడుకునే పనిని రీలోడింగ్ అంటారు. ఆ పని చేసేవారి చేతుల్లోనే ఈ గుల్ల ఆయుష్షులో ఎక్కువ భాగం గడిచింది.

దాని బలమూ బలహీనతా రెండూ పుట్టుకతో వచ్చినవే. సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి బిళ్లను ముందు గిన్నెలా వంచి, ఆ గిన్నెను డై అనే అచ్చులోంచి పలుమార్లు సాగదీసి, మధ్యమధ్య కాచి మెత్తబరుస్తూ గొట్టంగా మారుస్తారు. చల్లని స్థితిలో సాగిన ఇత్తడి గట్టిపడుతుంది, కాచిన ఇత్తడి మెత్తబడుతుంది కనుక, ఒత్తిడిని నేరుగా భరించే అడుగుభాగాన్ని గట్టిగానూ, గుండును పట్టుకునే మెడను మెత్తగానూ ఉంచుతారు. తూటా పేలిన క్షణంలో పలుచని గోడలు ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబర్‌ను అంటుకొని, మండుతున్న వాయువు కాల్చేవారి ముఖం వైపు రాకుండా అడ్డుకుంటాయి. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకొని చాంబర్‌ను వదులుతాయి.

ఈ గోడకు వచ్చే ప్రమాదాల్లో కంటికి ఆలస్యంగా కనిపించేది అడుగుభాగం విడిపోవడం. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు ముఖానికీ, గుల్ల ముందుకు జారకుండా చాంబర్ ఆపే చోటుకీ మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. .303లో ఆ ఆపే పని అడుగునున్న వెడల్పాటి అంచుదే కావడం వల్ల, మెడ కిందనుండే వాలు భాగమైన భుజం ముందు ఖాళీ ఎంత ఉన్నా తూటా చాంబర్‌లో ఇమిడిపోతుంది; బురదలోనూ తూటా ఇరుక్కోకూడదని సైనిక రైఫిళ్ల చాంబర్లను వదులుగా తొలవడం ఆ ఖాళీని మరింత పెంచింది. పేలినప్పుడు ముందరి గోడలు చాంబర్‌ను పట్టుకొని నిలిచిపోగా అడుగుభాగం మాత్రం బోల్టు మీదికి నెట్టుకుపోతుంది, ఈ రెంటి నడుమ ఉన్న ఇత్తడి సాగుతుంది. ఆ తరువాత రీలోడింగ్‌లో గుల్లను తిరిగి కొలతకు తెచ్చే డైలో దాన్ని పూర్తిగా నొక్కి భుజాన్ని మొదటి చోటికి తోసేస్తే, మరుసటి పేలుడులో అదే చోట అదే ఇత్తడి మళ్లీ సాగి పలచబడుతుంది. బయట అడుగుకు కాస్త పైన మెరిసే వలయం కనబడవచ్చు గాని, డై ఒరుసుకున్నా అలాంటి గీత పడుతుంది కనుక దాన్ని మాత్రమే నమ్మడం సరికాదు. కొస వంచిన సన్నని తీగను లోపలికి దించి, అడుగు నుంచి గోడ వెంట పైకి లాగినప్పుడు గాడి తగిలితే, ఆ గుల్ల పని అయిపోయినట్టే. దీని నివారణ డై అమరికలోనే ఉంది: ఒక్కో రైఫిల్‌కు దాని గుల్లలను వేరుగా ఉంచి, మెడను మాత్రమే సరిచేయాలి, లేదా భుజాన్ని అంగుళంలో వెయ్యోవంతు, మహా అయితే రెండు వెయ్యోవంతులు వెనక్కి నెట్టి ఊరుకోవాలి.

సాగిన ఇత్తడి మెడ వైపుకూ జరుగుతుంది. పొడవు 2.222 అంగుళాల పరిమితిని దాటితే మూతి చాంబర్ చివర ఇరుక్కొని గుండును బిగించేస్తుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే కొలిచి కత్తిరించాలి. పదేపదే ఉబ్బి, నొక్కించుకొని గట్టిపడిన మెడ నిలువునా చీలకుండా దాన్ని కాచి మెత్తబరచవచ్చు గాని, ఆ వేడి అడుగుభాగానికి పాకనివ్వకూడదు, ఎందుకంటే మెత్తబడిన అడుగు అసలు ఒత్తిడినే నిలపలేదు.

వాడకుండానే చీలిన గుల్లల చరిత్ర భారతదేశానికి చెందినది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలమంతా గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాలకు పగుళ్లు కనిపించాయి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పగుళ్లను పుట్టించాయని 1921లో గాని స్పష్టంగా వివరించలేకపోయారు. ఈ జ్ఞానం నేటి రీలోడింగ్‌కూ అక్షరాలా వర్తిస్తుంది: అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌తో గుల్లలను మెరిపించడం వాటిని చేజేతులా పాడుచేయడమే.

ప్రైమర్ కూర్చునే గుంట వదులైతే, అధిక ఒత్తిడికి అడుగుభాగమే విచ్చుకుందని అర్థం, దానికి చికిత్స లేదు. చదునైన ప్రైమర్‌ను మాత్రం తొందరపడి అధిక ఒత్తిడికి రుజువుగా తీసుకోరాదు, హెడ్‌స్పేస్ ఎక్కువైనా అది అలాగే మారవచ్చు. గుల్ల ఎన్నిసార్లు పేలిందన్న లెక్క కన్నా దాని ఒంటి మీది గుర్తులే నమ్మదగినవి. వదులు చాంబర్‌లో కొద్దిసార్లకే విడిపోయే గుల్ల, డైని సరిగా అమర్చినవారి దగ్గర చాలా కాలం నిలుస్తుంది.

ఈ గుల్లలో చివరకు తీగ కొసకు గాడి తగిలింది. పొరపాటున కూడా ఎవరూ మళ్లీ నింపకుండా దాని మూతిని పటకారుతో నొక్కి తుక్కులో వేశారు. అదే రైఫిల్‌లో, అదే డై అమరికతో వాడిన మిగతా గుల్లలన్నిటినీ అదే తీగతో పరీక్షించిన తరువాతే వాటిని తిరిగి వాడకంలోకి తీసుకున్నారు.