ఉప్పల్‌లో డిజైన్ షాపు పెట్టి మునగడం ఎలా?

కొత్తగా షాపు పెడుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ముందుగా ఒక మాట. మీరు కళాకారులు. ఈ సంగతి క్లయింటుకు తెలియదు, షాపు ఓనరుకు తెలియదు, బ్యాంకువాళ్లకైతే అసలే తెలియదు. అందుకని మీరే గుర్తుపెట్టుకోవాలి, అడిగినా అడక్కపోయినా అందరికీ గుర్తుచేస్తుండాలి. ఇక్కడ చెప్పేవన్నీ అందుకు పనికొచ్చే చిట్కాలు. శ్రద్ధగా పాటిస్తే ఆరు నెలలు తిరిగేసరికి మీ దగ్గర కళ తప్ప ఇంకేమీ మిగలదు.

ఇన్‌స్పిరేషన్ వచ్చేదాకా పని ముట్టుకోవద్దు. నాచారం నుంచి పచ్చళ్లు చేసేవాళ్లు సీసా లేబుల్ కోసం వచ్చారనుకోండి. ఆ సీసా ఏ కొట్లో ఏ అరలో ఉంటుంది, పక్కన ఎవరి సీసాలుంటాయి, కొనేవాళ్లు చదివి కొంటారా రంగు చూసి కొంటారా, ఇవి తెలుసుకోవడానికి కిరాణా కొట్టుకు పోవద్దు. అక్కడ పప్పులు, ఉప్పులు తప్ప ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుంది? అది పింటరెస్ట్‌లో ఉంటుంది. అందులో విదేశాల ఆలివ్ నూనె సీసాలు చూడండి. తెల్ల కాగితం, నడుమ చీమతలంత అక్షరాలు. అదే దించి ఆవకాయకు అంటించండి. నాలుగు రోజులకు నూనె దిగి కాగితం మీద అక్షరాలు కూడా కనబడవు. డిజైన్ ఇంకా మినిమల్ అవుతుంది.

మనవాళ్లను చూసి నేర్చుకుంటామని బయల్దేరకండి. బాపు అక్షరాలు, ఈశ్వర్ పోస్టర్లు అంటూ పెద్దవాళ్లు ఏదో చెబుతుంటారు. ఈశ్వర్ 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు సినిమాలకు పబ్లిసిటీ చేశారు. రిలీజ్ శుక్రవారం అంటే శుక్రవారమే. ఇన్‌స్పిరేషన్ సోమవారం వస్తానంటే ఒప్పుకునే నిర్మాత లేడు. పోస్టర్ కూడా గ్యాలరీలో ఉండేది కాదు, గోడ మీద ఉండేది. సినిమా పేరు బస్సు కిటికీలోంచి చూసేవాడికి అందాలి. ఇలా తేదీకి, గోడకు, బస్సుకు లొంగిపోయినవాళ్ల దగ్గర మీకేం పని? ఎన్టీఆర్ పెట్టిన రామకృష్ణ స్టూడియో మీ నాచారంలోనే ఉన్నా, అటువైపు వెళ్లినప్పుడు ఫోన్ చూసుకుంటూ పోండి.

షాపు బోర్డులకు మాత్రం మన ఏరియాకు కలిసొచ్చిన అదృష్టం ఒకటుంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన అయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వరంగల్ రోడ్డు మీద పోయేవాళ్లకు పిల్లర్లు చూడటమే కాలక్షేపమైంది. ట్రాఫిక్‌లో అంతసేపు ఆగే జనానికి చదువుకోను ఏదైనా ఇవ్వాలి కదా! కాబట్టి పది అడుగుల బోర్డులో షాపు పేరు, ప్రొప్రైటర్ పేరు, మూడు ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబరు, దేవుడి ఫొటో, ‘మా వద్ద’ అని మొదలుపెట్టి దొరికేవన్నీ వేయండి. బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది: చూసేవాడు పది అడుగుల దూరంలో ఉంటే అంగుళం అక్షరం, నూరడుగుల దూరంలో ఉంటే పది అంగుళాల అక్షరం. ఆ లెక్కన చూస్తే బోర్డులో షాపు పేరు, ఒక నంబరు తప్ప ఏమీ పట్టవు. మిగతావన్నీ తీసేద్దామని క్లయింటుకు చెప్పాల్సి వస్తుంది. చెబితే మొహం మాడ్చుకుంటాడు. అంత గొడవ ఎందుకు, లెక్కే మానేయండి.

లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకు ఎంత పెడతారో తెలుగుకూ అంతే ఉంచండి. పై లైనులో ‘స్త్రీ’ కింద వేలాడే వత్తులు, కింది లైనులో ‘కీ’ నెత్తి మీది గుడి దీర్ఘం ఒకదానికొకటి తగులుకుంటాయి. తగులుకోనివ్వండి. చదవాల్సినవాడు విడదీసుకుంటాడు.

ఫాంట్ల దగ్గర ఇంకాస్త శ్రద్ధగా పాడుచేయొచ్చు. శుభలేఖ మ్యాటర్ వాట్సాప్‌లో వస్తుంది, అంటే యూనికోడ్‌లో ఉంటుంది. మీరు నేర్చుకున్నది పేజ్‌మేకర్ కాలం నాటి అను ఫాంట్లతో. నడుమ కన్వర్టర్ ఒకటుంది. అందులో వేసి, వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేయండి, చదవొద్దు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు సరిగ్గా రావాలంటే టెక్స్ట్ సెట్టింగుల్లో మన లిపులకు ఇచ్చిన ఆప్షన్ ఎంచుకోవాలి. రెండు క్లిక్కుల పని. పొరపాటున కూడా చేయకండి. చేయకపోతే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయి కూర్చుంటుంది. ఐదు వందల కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి తండ్రి వచ్చి, “ఏంది బాబూ, మా బిడ్డ పేరు ఇట్ల ముక్కలైంది?” అంటే, “సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంకుల్” అనండి. ఆయనకు సాఫ్ట్‌వేర్ తెలియదు. కూతురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయితే మాత్రం ఇంకో కారణం వెతుక్కోవాలి.

మల్లన్న, రామభద్ర, మండలి, సురవరం, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఉచితంగా దొరికినవి వాడితే మన స్థాయి ఏం కావాలి? పైరసీ సీడీలోంచి తీసినవే వాడండి. తప్పదంటే, హెడింగులకని లావుగా చేసిన రామభద్రను ఎనిమిది పాయింట్లకు కుదించి భోజనాల టైమింగ్ వేయండి. అతిథులు భోజనానికి వచ్చినప్పుడే టైము.

ఇక మన దగ్గర అసలైన పని ఫ్లెక్స్. బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, అన్న బర్త్‌డే, ఏడాదంతా ఏదో ఒకటి ఉంటుంది. కుర్రాళ్లు వాట్సాప్‌లో నలభై పాస్‌పోర్ట్ ఫొటోలు పంపి, వెనకాలే బైకుల మీద దిగుతారు. పైన సన్నటి వరసలో రాష్ట్ర నాయకులు. నడుమ అన్న నిలువెత్తున, చేతులు జోడించో, నడిచి వస్తూనో. ఒక పక్క అమ్మవారు. కింద గుండ్రాల్లో కుర్రాళ్లు. మీ కుర్చీ వెనక నిలబడి, స్క్రీన్ మీద వేలు పెట్టి చెబుతారు:

“అన్నా, మావోని తల జర చిన్నగయింది సూడు.”

“ఎవరికన్నా చిన్నగ?”

“కాలనీ ప్రెసిడెంట్ కన్నా.”

“ఆయనకు పదవి ఉంది కదా తమ్మీ.”

“ఉంటే ఉన్నది. పైసలు మావోడు ఇచ్చిండు.”

“మరి ప్రెసిడెంట్ ఏమన్నా అనుకుంటే?”

“గందుకే ఆయనను అన్న పక్కకు జరుపు. సైజు మావోనిది, జాగ ఆయనది.”

డిజైన్ కాలేజీల్లో దీన్నే బ్రీఫ్ అంటారు. పైసలు ఎవరివి, నొచ్చుకోకూడనిది ఎవరు, రెండూ ఆ కుర్రాడు అరనిమిషంలో చెప్పేశాడు. చిక్కుకు విరుగుడు కూడా వాడే చెప్పాడు: ఒకరికి కొలత, ఇంకొకరికి చోటు. పెద్ద ఏజెన్సీల్లో ఇంత తేల్చడానికి రెండు మీటింగులు, బిస్కెట్లు అవుతాయి. మీరు మాత్రం చెవిన పెట్టొద్దు. ‘వీళ్లకు టేస్ట్ లేదు’ అని మనసులో అనుకోండి, మొహంలో కనబడేలా అనుకోండి. నెగటివ్ స్పేస్ అని చెప్పి అన్న భుజం పక్కన ఖాళీ వదలండి. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది, ఆ ఖాళీలోకి ఇంకో ఆరు తలకాయలు వచ్చి చేరతాయి. మిషన్ మీద ఫ్లెక్స్ సగం దిగాక వస్తే ఇంకా మంచిది.

ఎన్నికలప్పుడు ఒక జాగ్రత్త. పోస్టర్ మీద ప్రింటర్ పేరు, పబ్లిషర్ పేరు, అడ్రసులు వేయాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతుంది. వేయకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అంత చిన్న లైను డిజైన్‌ను ఎంత పాడు చేస్తుందో చట్టం రాసినవాళ్లకేం తెలుసు? తీసేయండి.

నాచారం వైపు అట్టపెట్టెలు, పౌచ్‌ల పని దొరికితే వదులుకోవద్దు, నాశనం చేయడానికి చోటు ఎక్కువ. బ్రాండ్ రంగు ఎరుపు అయితే బార్‌కోడ్ గీతలు కూడా ఎరుపులోనే వేయండి. బిల్లింగ్ కౌంటర్లో స్కానర్ వేసేదీ ఎర్ర వెలుతురే కాబట్టి దానికి ఎర్ర గీతలు, తెల్ల కాగితం ఒకేలా కనిపిస్తాయి. ‘పీక్’ అనదు. సరుకంతా వెనక్కి వస్తుంది. శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్క మీ పాలెట్‌లో ఇమడకపోతే ఆ చుక్కకూ రంగు మార్చేయండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు, అందం లేదు. నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ కూడా అంతే. అన్నీ మడత మీదికి నెట్టేయండి, జిగురు అంటించాక వాటంతటవే మాయమైపోతాయి.

చిన్న అక్షరాల నలుపును ఒట్టి నలుపుతో కాక నాలుగు రంగులూ కలిపి చేయండి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, ప్రతి అక్షరం పక్కన గులాబీ నీడ ఒకటి, నీలం నీడ ఒకటి లేస్తాయి. నారింజ సంగతి వేరే చెప్పాలి. సన్‌రైజర్స్ మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ స్టేడియం చుట్టూ అంతా నారింజే. మీకూ ఆ రంగులో ఆఫర్ కరపత్రం వేయాలనిపిస్తుంది. స్క్రీన్ మీద నిప్పులా వెలిగే నారింజ వెలుతురుతో చేసింది. ఆఫ్‌సెట్‌లో అది పసుపు, మెజెంటా సిరాలతో రావాలి, అంత వెలుగు రాదు. ప్రెస్సుకు వెళ్లి మొదటి షీటు చూస్తే ఈ సంగతి అక్కడే తెలిసిపోతుంది. మీరు వెళ్లకండి. ఏసీ గదిలో కూర్చుని ప్రింటర్‌ను తిట్టండి. వాడు మిమ్మల్ని తిడతాడు, క్లయింటు ఇద్దర్నీ తిడతాడు.

మార్పుల విషయంలో చెయ్యి చాలా ధారాళంగా ఉండాలి. ‘అన్‌లిమిటెడ్ రివిజన్స్’ అని విజిటింగ్ కార్డు మీదే వేయించుకోండి. లక్ష్మణ్ ఏలే 2014లో గీసిన తెలంగాణ రాజముద్రనే చూడండి. పదేళ్లకు కొత్తది కావాలన్నారు, రుద్ర రాజేశం నమూనాలు గీశారు, 2024 జూన్ 2న ఆవిష్కరణ అనుకున్నారు, వాయిదా వేశారు. అదే ఏడాది టీఎస్ టీజీ అయింది, టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది. రాష్ట్రమే మనసు మార్చుకుంటుంటే బిర్యానీ సెంటర్ ఓనరు మార్చుకోకూడదా? అయితే ఒక్క అక్షరం మారినా లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు మళ్లీ చేసినవాడు మళ్లీ బిల్లు వేస్తాడు. అది వ్యాపారులు చేసే పని. మీరు వేయకండి.

పాల్ రాండ్ అని ఒక అమెరికా ఆయన 1986లో స్టీవ్ జాబ్స్‌కు నెక్స్ట్ కంపెనీ లోగో చేసిచ్చాడు. లక్ష డాలర్లు తీసుకున్నాడు, చూపించింది ఒకే ఒక్క డిజైన్. మీరు ఐదు వందలకు పన్నెండు చూపించండి. క్లయింటు మూడోదాని రంగు, ఏడోదాని బొమ్మ, పదోదాని అక్షరాలు కలిపి ఇంకోటి అడుగుతాడు. వాడికి ఏది మంచిదో మీరు తేల్చలేదు కాబట్టి ఆ తేల్చే పని వాడే తీసుకున్నాడు. బేరం దగ్గర నైకీ కథ కూడా వస్తుంది: “అంత పెద్ద లోగోకు ముప్పై ఐదు డాలర్లే ఇచ్చిన్రట.” నిజమే, 1971లో కరోలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థినికి ఇచ్చింది అంతే. 1983లో అదే కంపెనీ ఆమెకు వజ్రపు ఉంగరం, షేర్లు ఇచ్చిందన్న రెండో సగం క్లయింటు చెప్పడు, మీరూ గుర్తు చేయకండి.

చివరగా డబ్బు. అడ్వాన్స్ అడగొద్దు, అడిగితే మొహమాటం పోతుంది. కొటేషన్ కాగితం మీద ఇవ్వొద్దు. “మనోడే కదా” అన్న మాట ఒప్పందం కన్నా గట్టిది అనుకోండి. ముఖ్యంగా, చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ జోలికి పోకండి. అది ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మీ పక్షాన నిలబడుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, కొన్న కంపెనీ నలభై ఐదు రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా మీ బిల్లు గడువులోగా కట్టకపోతే, కట్టేదాకా దాన్ని ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవడానికి ఆ కంపెనీకి వీల్లేదు. అందుకే మార్చి నెలాఖరున వాళ్ల అకౌంటెంట్లే ఫోన్ చేసి, “మీకు ఉద్యం ఉందా సార్?” అని అడుగుతారు. లేదని చెప్పండి. రిజిస్ట్రేషన్‌కు కావాల్సింది ఆధార్, పాన్, ఒక ఫోన్ నంబరు. రుసుము లేదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఇంత తేలిగ్గా అయ్యే పని కళాకారులకు తగదు.