పాయసం వాళ్లది, ఫీజు మనది

న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్న మా బావమరిదికి మే నెల వచ్చిందంటే ఎక్కడలేని పెద్దరికం వస్తుంది. ఆ నెల మూడో మంగళవారం వాళ్ల స్కూల్ డిస్ట్రిక్టులో జనం వెళ్లి బడి బడ్జెట్టు మీద ఓటేస్తారు. వద్దన్నవాళ్లు ఎక్కువైతే బడివాళ్లు జూన్‌లో మళ్లీ వచ్చి అడుక్కోవాలి. రెండోసారీ వద్దంటే పన్ను పెంచకుండా ఉన్నదాంతో సర్దుకోవాలి. "బావా, ఈసారి నేను నో కొట్టేశాను" అని ఫోన్లో గొప్పగా చెబుతాడు. పెళ్లిచూపుల్లో ఔననడానికీ కాదనడానికీ నోరు పెగలని మనిషి!

నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. పొద్దున్నించి సాయంత్రం దాకా నా బల్ల మీద నలిగేవి డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్, రివైజ్డ్ ఎస్టిమేట్లు, మార్చి 31లోగా ఖర్చు కాని సొమ్ము సరెండర్ చేసే కాగితాలు. కోట్లలో ఒక సున్నా ఎక్కువైతే పట్టుకుంటాను. ఇంటికొచ్చి, మా అమ్మాయి చదివే ప్రైవేటు బడి పంపిన ఫీజు సర్క్యులర్ చూసి, కిక్కురుమనకుండా నెట్‌బ్యాంకింగ్ తెరుస్తాను.

"మీరూ ఓటింగు పెట్టుకోండి బావా" అని వాడి సలహా. పెడితే ఎవరి బడ్జెట్టు మీద పెట్టాలి? ఢిల్లీలో మున్సిపల్ బడికి వెళ్లే పిల్లవాడు అయిదో తరగతి దాకా కార్పొరేషన్ బిడ్డ. ఆరులోకి రాగానే ఢిల్లీ ప్రభుత్వం దత్తత తీసుకుంటుంది. ఇల్లు న్యూఢిల్లీ నడిబొడ్డున ఉంటే ఎన్‌డీఎంసీ, కంటోన్మెంటులో ఉంటే ఇంకో బోర్డు. కేంద్రీయ విద్యాలయమైతే నేరుగా కేంద్రానిదే. యమున దాటి నోయిడా వెళ్తే లక్నోవాళ్లు చూసుకుంటారు, గుర్గావ్ వైపు వెళ్తే చండీగఢ్‌వాళ్లు. ఒకే మెట్రో కార్డుతో మూడు రాష్ట్రాల విద్యాశాఖలు చుట్టి రావచ్చు.

పోనీ ఢిల్లీ అసెంబ్లీ తన బడ్జెట్టుకి తానైనా మహారాణా అంటే, సభలో పెట్టేముందు రాష్ట్రపతి ఆమోదం రావాలి. 2023 మార్చి 21న పెట్టాల్సిన బడ్జెట్టు కేంద్ర హోంశాఖ వేసిన ప్రశ్నల దగ్గర ఆగిపోయి, మర్నాడు కైలాశ్ గహ్లోత్ చేతుల మీదుగా బయటపడింది. ఒక్కరోజు ఆలస్యానికి ఊరంతా గగ్గోలు. మా ఆఫీసులో ఒక ఫైలు ఒక్కరోజే ఆగితే స్వీట్లు పంచుతారు.

2025లో మాత్రం శకునం బాగుంది. మార్చి 24న పాయసం పంచి సమావేశాలు మొదలెట్టారు. 25న ముఖ్యమంత్రి రేఖా గుప్తా లక్ష కోట్ల బడ్జెట్టు చదివారు. అందులో చదువుకి 19,291 కోట్లు, అంటే అయిదో వంతుకి కాస్త తక్కువ. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంత వాటా ఇవ్వవు, ఆ మాట ఒప్పుకోవాలి.

సర్కారు డబ్బుతో బడి నడపడం ఢిల్లీ తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో మొదలుపెట్టిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఎయిడెడ్ బడులే. ఢిల్లీలో ఎయిడెడ్ అంటే నూటికి తొంభై అయిదు ప్రభుత్వం ఇస్తుంది, మిగతా అయిదూ యాజమాన్యం తెచ్చుకోవాలి. చందా పుస్తకంతో ఎప్పుడైనా నాలుగిళ్లు తిరిగినవాళ్లకి ఆ అయిదు ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

అసలు కథ మా వంటింట్లో ఉంది. మాకు వంట చేసే ఆవిడది దర్భంగా. కొడుకు సర్కారు బడిలో ఎనిమిది చదువుతున్నాడు. ఆవిడ ఆ బడి ఎస్ఎంసీలో, అంటే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో, సభ్యురాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. ఢిల్లీలో పదహారు మందిలో పన్నెండు మంది తల్లిదండ్రులు. 2015 నుంచి ఎన్నికలు కూడా జరుగుతున్నాయి. బడికి ఏం కావాలో ఆ కమిటీ రాసే ప్రణాళికే గ్రాంట్లకి ఆధారం కావాలని అదే చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. నేను ముప్పూటలా చట్టాలు తిరగేసేవాణ్ణే, ఈ సెక్షన్ సంగతి నాకు చెప్పింది మాత్రం పప్పు తాలింపు వేస్తూ ఆవిడ.

ఒకరోజు మీటింగు నుంచి నేరుగా పనికొచ్చింది. "అంకల్‌జీ, ఇది చూడండి" అని ఫోన్లో ఒక బిల్లు ఫొటో చూపించింది. ఆడపిల్లల మరుగుదొడ్డిలో ఆరు కుళాయిలు మార్చినట్టు ఉంది. "నేను లోపలికెళ్లి తిప్పి చూశాను. నాలుగే కొత్తవి. మిగతా రెండూ పెట్టాకే సంతకం అన్నాను." ఆ మాట అంటూ చేతిలో గరిటె నా వైపే ఊపింది. మా కాగ్ ఆడిటర్లు కూడా నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. "మరి మీ పాప స్కూల్లో మీటింగు ఎప్పుడు?" అని అడిగింది. మా బడిలో పేరెంట్-టీచర్ మీటింగుంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, పాపకి లెక్కల్లో శ్రద్ధ తక్కువని విని వస్తాం. బడి లెక్కల గురించి ఎవరూ ఎత్తరు.

మా లాంటివాళ్ల కోసమే 2025 ఆగస్టులో ఢిల్లీ అసెంబ్లీ ఫీజుల చట్టం చేసింది. ఆ ఏప్రిల్‌లోనే ద్వారకలో ఒక బడి, ఫీజు కట్టలేదని పిల్లల్ని క్లాసుకి పంపకుండా లైబ్రరీలో కూర్చోబెట్టిందని హైకోర్టు చీవాట్లు పెట్టింది. కొత్త చట్టం ప్రకారం ప్రతి ప్రైవేటు బడిలో ఫీజు కమిటీ ఉంటుంది. అందులో తల్లిదండ్రులు అయిదుగురు. వాళ్లని ఎన్నుకోం, చీటీలు తీస్తాం. మా అపార్ట్‌మెంటు చిట్‌ఫండ్‌లో ఇన్నేళ్లుగా చివరి పాటే దక్కుతున్న నాకు ఆ చీటీ మీద ఆశ లేదు.

కమిటీ తేల్చిన ఫీజు నచ్చకపోతే పైకి వెళ్లొచ్చు, కానీ కనీసం నూటికి పదిహేను మంది తల్లిదండ్రులు కలిసి రావాలి. రెండువేల మంది పిల్లలున్న బడిలో అది దాదాపు మూడువందల ఇళ్ల మాట. మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫీజు గురించి ఆవేశంగా రాస్తే వరసగా బొటనవేళ్లు లేస్తాయి. కాగితం మీద సంతకం అనగానే గుడ్ మార్నింగ్ పూలు మొదలవుతాయి. డాబా కారుతోందని పిలిస్తే కోరం దొరకని జనం మేము.

బావమరిదికి ఇదంతా చెప్తే, "అయితే మీ వంటావిడే నయం బావా" అన్నాడు. నయమే. ఆవిడకి ఓటుంది, సంతకముంది, కుళాయి తిప్పి చూసే ఓపికుంది. ఢిల్లీలో సర్కారు బడికి పిల్లల్ని పంపే తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈసారి ఎస్ఎంసీ ఎన్నికల్లో నిలబడండి. ప్రైవేటు బడివాళ్లు చీటీలు తీసే రోజున హాఫ్ డే లీవైనా పెట్టండి. నా లీవు శాంక్షనయింది.