ఈ ఏడు ఏడే

తెలుగులో 'ఏడు' అంటే మూడు అర్థాలు. ఒకటి సంవత్సరం, ఒకటి అంకె, మూడోది ఎదుటివాణ్ని ఏడవమని చెప్పడం. మూడింటినీ ఒకే ఉత్తర్వులో ఇమిడ్చిన ఘనత భారత పత్తి సంస్థకు (సీసీఐ) దక్కింది. ఈ ఏడు ఏడే, మిగతాదానికి ఏడు. అంతకుముందు ఎకరానికి పన్నెండు క్వింటాళ్ల దాకా కొన్న సీసీఐ 2025-26 సీజన్‌లో తెలంగాణ రైతు దగ్గర ఏడు దాటితే ముట్టుకోనంది. అదేమంటే సగటు దిగుబడి చూపించింది. రైతు పేరు నమోదు చేసుకోవాల్సిన కపాస్ కిసాన్ యాప్ గురించి, అందులో పట్టుకోవాల్సిన స్లాట్ల గురించి, ఏ మిల్లు ముందు తెరవాలి ఏది తర్వాత తెరవాలి అన్న ఎల్1, ఎల్2 తగాదా గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది. వాటి జోలికి పోను. తేమ 12 శాతం దాటితే కొనరన్న నిబంధన గురించి మొదలుపెడితే అక్టోబరులో చేలు తడిపిన మొంథా తుపాను మీద కూడా కేసు పెట్టాల్సి వస్తుంది. ఇక్కడి పంచాయితీ అంతా ఎనిమిదో క్వింటా మీదే.

ఎనిమిది అన్న అంకె వినగానే ఏలినవారు ఉలిక్కిపడటం ద్వాపరం నుంచీ ఉన్నదే. చెల్లెలి అష్టమ గర్భం నీ పాలిట మృత్యువని కంసుడికి ఆకాశవాణి చెప్పింది. బేలాపూర్‌లోని సీసీఐ ఆఫీసుకు ఏ స్టేషన్ తగిలిందో గానీ, ఎకరం చేనుకు పుట్టే ఎనిమిదో క్వింటాలో దళారి దాక్కుని ఉన్నాడని వినబడినట్టుంది. న్యాయంగా మాట్లాడితే కంసుడి కంటే సంస్థ చాలా నయం. అతను ముందు పుట్టిన ఆరుగురినీ పొట్టన పెట్టుకున్నాకే ఎనిమిదోవాడి కోసం కాపు కాశాడు. సంస్థ మొదటి ఏడింటినీ తూకం వేసుకుని, ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో డబ్బు వేసి, ఎనిమిదోదాని ముఖం మీద మాత్రమే తలుపు వేస్తుంది. ఏడోదైనా నిండుగా దక్కుతుందా అంటే అదీ లేదు. తేమ ఎనిమిది శాతం దాటితే శాతానికింత అని కోత పడుతుంది. దేవకి ఏడో గర్భం రోహిణి లెక్కలోకి పోయినట్టు, ఏడో క్వింటాలో కొంత తరుగు లెక్కలోకి పోతుంది. భాగవతంలో ఇంత వివరంగా ఉండగా కొత్తగా నిబంధనలు రాసే శ్రమ ఎందుకు తీసుకున్నారో తెలియదు. బమ్మెర వెళ్లి పోతనగారి ఊళ్లో అడిగినా చెప్పేవారు. ఆ ఊరున్న జనగామ జిల్లా కూడా పత్తి పండించే జిల్లాయే.

ఈ అష్టమ గర్భాన్ని జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఎలా పట్టుకుంటారో చూడండి. పాసుపుస్తకంలో 2 ఎకరాల 10 గుంటలుంటే కంప్యూటరు తెర మీద 15 క్వింటాళ్ల 75 కిలోలని పడుతుంది. బయట ట్రాక్టరు ట్రాలీలో ఉన్నది 22. ఇద్దరు పైకెక్కి తొక్కి తొక్కి అణిచి, పరదా కప్పి, తాళ్లు బిగించి తెచ్చిన పత్తి. అందులో ఎక్కడి దాకా ఏడోది, ఎక్కణ్నుంచి ఎనిమిదోది? ఒక్క చెట్టుకే కాసింది, ఒక్క చేతే ఏరింది, ఒక్క మూటలోనే ఇంటికి చేరింది. 'ఎకరానికి ఏడయిపోయినయి అన్నా, మిగిలింది అవతల దించుకో' అంటాడు కాంటా దగ్గరి పిల్లవాడు. అవతల అంటే రోడ్డు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, నిజానికి చెట్టుది. బీటీ విత్తనం మన దేశానికి 2002లో వచ్చింది. పాకెట్ 2025లో 901 రూపాయలు. అందులో పురుగును చంపే జన్యువు పెట్టారు గానీ అంకెలు వచ్చిన జన్యువు పెట్టలేదు. రాబోయే రకంలో ఆ లోపం సవరించాలి. ఏడు క్వింటాళ్లకు సరిపడా కాయలు పగిలాక మిగతావి నోరు మూసుకుని ఉండాలి. ఆ విత్తనం వచ్చేలోగా వ్యవసాయ విస్తరణాధికారులు గట్ల మీద నిలబడి చెట్లకు కుటుంబ నియంత్రణ పాఠాలు చెప్పాలి. అన్నిటికంటే ముందు ఆదిలాబాద్ నల్లరేగడికి నోటీసు అంటించాలి, దానికి కాపు మీద అదుపు తక్కువ.

సగటే అంత ఉంటే అంతకు మించి తెచ్చినవాణ్ని అనుమానించవద్దా అని అడిగేవారున్నారు. సగటు గొప్పగా లేదన్నది నిజమే. ఏడు క్వింటాళ్ల పత్తిలో గింజ తీసేస్తే మూడో వంతు దూది అనుకున్నా ఎకరానికి 230 కిలోల పైమాట, హెక్టారుకు 570 పైచిలుకు. దేశం సగటు హెక్టారుకు 450 కిలోల దగ్గరే ఊగిసలాడుతోంది. దేశం పండించేదాని కంటే ఎక్కువే కొంటున్నాం కదా అని సంస్థ అనొచ్చు, అంకె తప్పు కాదు. సగటును పరిమితిగా వాడటంలోనే తప్పంతా ఉంది. ఒకరికి మూడు, ఇంకొకరికి పదకొండు పండితే ఇద్దరి సగటు ఏడు. మూడు పండిన మెట్టరైతుకు ఇంకో నాలుగింటి డబ్బు కలిపి ఇస్తానంటే అది సగటు న్యాయం అయ్యేది. అతనికి ఎవరూ ఏమీ కలపరు. పదకొండు పండినవాడి దగ్గర మాత్రం నాలుగు నరుకుతారు. నదిలో సగటు లోతు మోకాలి దాకే ఉందని చెప్పి మనిషిని నడిపించడం ఒక రకం తెలివైతే, మోకాలు దాటిన నీళ్లన్నీ అబద్ధమని తీర్మానించడం దాన్ని మించిన తెలివి. ఇంకో తమాషా కూడా జరిగింది. 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్ల పత్తి ఉత్పాదకత మిషన్ ప్రకటించారు. దిగుబడులు పెంచాలి, కొత్త రకాలు తేవాలి, రైతు ఆదాయం పెరగాలి. బహుసంతానవతీ భవ అని నెత్తిన అక్షింతలు వేసిన ఢిల్లీయే పురిటి గది బయట కత్తి పట్టుకుని నిలబడింది. మిషన్ గనక ఖర్మకాలి ఫలిస్తే ఆ పెరిగిన పత్తంతా గేటు బయటే ఉండాలి.

దీనికంటే వింత లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. మద్దతు ధరను సిఫార్సు చేసేది వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్. 2025-26కు సాగు ఖర్చు క్వింటాకు 5,140 రూపాయలని తేల్చి, దానికి సగం కలిపి మధ్యరకం పింజకు 7,710 ఖాయం చేశారు. పొడుగు పింజకు 8,110. ఈ 5,140 ఎలా వచ్చింది? దున్నకం, విత్తనం, ఎరువు, మందు, కూలి, ఇంటిల్లిపాది చాకిరీ అంతా కూడి, పండిన మొత్తం పత్తికి పంచితే వచ్చింది. మొత్తమంటే ఎనిమిదోది, తొమ్మిదోది, పదోది కూడా అందులో ఉన్నట్టే. పది క్వింటాళ్లు పండే ఎకరం ఒకటి తీసుకోండి. క్వింటాకు 5,140 చొప్పున దాని మీద పెట్టింది 51,400. ఆ ఎకరంలో ఏడే పండిందని సర్కారువారి గట్టి నమ్మకమైతే, 51,400ను ఏడుతో భాగించాలి. క్వింటా ఖర్చు 7,343 అవుతుంది. దానికి సగం కలిపితే మద్దతు ధర 11,000 దాటుతుంది. ఆ ధర ఇచ్చి ఏడే కొంటామంటే ఎవరూ రోడ్డెక్కరు, మిగతా మూడూ దిష్టి తీసి పారేసుకోమన్నా పారేసుకుంటారు. అలా చేయరు. ఖర్చు పంచేటప్పుడు ఎనిమిదో బిడ్డ పంక్తిలో కూర్చున్నట్టే లెక్క, కొనేటప్పుడు వాడసలు పుట్టలేదు. ఎరువుల కొట్టు ఖాతాలో వాడున్నాడు. వడ్డీ లెక్కలో ఉన్నాడు. కిలోకింత అని ఏరిన కూలీలకు చెల్లించిన డబ్బులోనూ ఉన్నాడు. మిల్లు గేటు దగ్గరే కనబడటం మానేశాడు.

రైతు పేరుతో దళారి సరుకు చొరబడుతుందన్న సంగతికి వద్దాం. అది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. 2024-25 సీజన్‌లో రైతుల పేర తాత్కాలిక రిజిస్ట్రేషన్లు పుట్టించి వ్యాపారుల సరుకు సీసీఐకి అంటగట్టిన వ్యవహారంలో తెలంగాణ మార్కెట్ కార్యదర్శులు కొందరు సస్పెండయ్యారు. దొంగలున్నారు, తాళం కావాలి. అయితే చెరసాలకు ఎన్ని తాళాలు వేసినా ఏమైందో మనకు తెలుసు. వాన కురిసే రాత్రి బిడ్డ బుట్టలో యమున దాటిపోయాడు. ఎనిమిదో క్వింటాదీ అదే దారి. దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి చోటు ఉండదు. ఉన్న ఒక్క వసారాలో నింపితే ఎలుకలు, నిప్పు భయం, రోజులు గడిచేకొద్దీ రంగు మారడం. అప్పిచ్చినవాడు దసరా నుంచే గడప తొక్కుతూ ఉంటాడు. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, పత్తి రైతు ఎంత? మద్దతు ధరకు వెయ్యి తక్కువైనా సరే, ఏదో ఒక వ్యాపారి కొట్టు దగ్గర దించి వస్తాడు. అక్కణ్నుంచి కథ రేపల్లెలో నడుస్తుంది. బిడ్డ పెరిగేది వ్యాపారి ఇంట్లో. మళ్లీ మధుర రావాలంటే వాడికో పేరు కావాలి, ఆ పేరు ఇందాకటి మెట్టరైతు దగ్గర ఉంది. మూడే పండిన అతని పాసుపుస్తకంలో ఎకరానికి ఇంకా నాలుగు క్వింటాళ్ల జాగా ఖాళీగా పడి ఉంది. ఆ జాగాను వ్యాపారి నాలుగు డబ్బులిచ్చి వాడుకున్నాడంటే, గేటు బయటికి నెట్టిన ఎనిమిదో క్వింటాయే కొత్త గోత్రం చెప్పుకుని అదే గేటులోంచి దర్జాగా లోపలికొచ్చి పూర్తి ధర పుచ్చుకుంటుంది. దళారిని పట్టడానికి వేసిన వల అతనికి చౌక సరుకు తెచ్చిపెట్టింది, దాక్కోవడానికి చోటూ చూపించింది. సంస్థ కొనే పత్తి కిలో కూడా తగ్గకపోవచ్చు, మధ్యలో వెయ్యి రూపాయలు ఎవరి జేబులో పడతాయో అదొక్కటే మారుతుంది. ఎకరానికి పదకొండు పండిందంటే నమ్మబుద్ధి కాకపోతే విస్తరణాధికారిని చేను మీదికి పంపి రాసిమ్మనొచ్చు. పంట నమోదు చేసేది ఆయన శాఖే. కానీ చేను దాకా వెళ్లడం కష్టం, తెర మీద ఏడు అని కొట్టడం తేలిక.

ఆ వెయ్యి రూపాయలు ఎంతలే అనుకునేవారి కోసం ఇంకొక్క లెక్క. ఎకరానికి మూడు క్వింటాళ్లు బయట అమ్ముకుంటే పోయేది మూడు వేలు. రాష్ట్రం రైతు భరోసా కింద సీజన్‌కు ఎకరానికి ఇస్తానన్నది ఆరు వేలు. అందులో సగం గేటు దగ్గరే ఆవిరి. పరిమితి ఎత్తేయమని వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు కేంద్రానికి లేఖ రాశారు. లేఖ వెళ్లింది. లేఖలకు పరిమితి లేదు, ఎకరానికి ఎన్నయినా రాసుకోవచ్చు.

ఇదే కేంద్రం 2025 ఆగస్టు 19న విదేశీ దూది మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, పట్టుమని పది రోజులు తిరక్కముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. అమెరికా వేసిన 50 శాతం సుంకానికి మన బట్టల మిల్లులు కుదేలవుతున్నాయి, ఆదుకోవాలన్నారు. ఆదుకోండి, మిల్లుల్లో బతికేవాళ్లూ మనవాళ్లే. ట్రంప్ కొట్టిన దెబ్బకు కట్టు కట్టడానికి ఆదిలాబాద్ రైతు పంచె చింపడమేమిటి? ఓడరేవులో దిగిన బేలును ఎకరానికి ఎంత పండావని అడిగిన అధికారి ఒక్కడున్నాడా? టెక్సాస్ రైతును యాప్‌లో పేరు నమోదు చేసుకోమన్నారా? బ్రెజిల్ చేనులో ఏడు దాటింది కాబట్టి మిగతాది ఓడలోనే ఉంచుకోమన్నారా? ఆ దూదికి సగటు లేదు, స్లాటు లేదు, ఓటీపీ లేదు, దాని పుట్టుక మీద ఎవరికీ అనుమానం లేదు. అనుమానమంతా ఆషాఢంలో రెండుసార్లు విత్తి, అక్టోబరులో తుపానుకు తడిసి, కార్తీకంలో అర్ధరాత్రి దాకా మేల్కొని స్లాటు పట్టుకుని మిల్లు గేటు ముందు ట్రాలీ మీద పడుకున్నవాడి మీదే. ఎక్కువ పండించినందుకు దొంగలా నిలబెట్టి, పాసుపుస్తకం తిరగేసి, నీది కాదు ఇది అని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది? ధర తక్కువ ఇస్తే అది పేదరికం, తట్టుకుంటాడు. చేతులు కాయలు కాచేలా పండించిన పంటను పండలేదు పొమ్మంటే అది అవమానం. మద్దతు ధరకు చట్టం లేదు కనుక సంస్థ ఏ అంకె రాస్తే అదే శాసనమైంది. రేపు ఐదు అన్నా అడిగే దిక్కు లేదు.

ఈ గొడవ జరిగేనాటికే మొదటి ఏరుడు అయిపోయింది, చాలా ఊళ్లలో రెండోది నడుస్తోంది. నీరున్న చేలల్లో పాసుపుస్తకం నిండేది దీంతోనే. విదేశీ దూదికి సుంకం లేని గడువు 2025 డిసెంబరు ఆఖరు దాకా నడిచింది. మూడో ఏరుడు కాయలు అప్పటికి చెట్టు మీదే ఉంటాయి, కొన్ని పగిలి, కొన్ని పగలక.